పాఠకుల ప్రశ్నలు: గ్రంథాలయ వారోత్సవాలు

ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు. 1968 నుంచి నడుస్తున్న ఆనవాయితీ ఇది. దసరా, దీపావళి సందడి సద్దుమణిగి, కార్తీకం చలి మొదలయ్యే రోజుల్లో చిన్న ఊళ్ల శాఖా గ్రంథాలయాలకు ఇదే పెద్ద పండగ. వారోత్సవాల గురించి ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి జవాబులివి.

ప్రశ్న: మాది గ్రేడ్-3 శాఖా గ్రంథాలయం. ఉద్యోగిని నేనొక్కడినే. ఒక హాలు, ఒక వరండా, ముందు కాస్త ఖాళీ జాగా ఉన్నాయి. ఏడు రోజులూ ఏదో ఒకటి జరపాలి. ఒంటిచేత్తో ఎలా నెట్టుకురావాలి? (ఒక గ్రంథపాలకుడు)

జవాబు: ఏడు రోజులూ సభలే పెట్టాలనుకుంటే నాలుగో రోజుకు కుర్చీలు తప్ప జనం ఉండరు. మూడు పెద్ద కార్యక్రమాలు, నాలుగు చిన్నవి అనుకోండి. ప్రారంభం, పోటీలు, ముగింపు పెద్దవి. పుస్తక ప్రదర్శన, కథాసమయం, పద్యపఠనం, కొత్త సభ్యుల నమోదు లాంటివి చిన్నవి. వీటికి వేదికా అక్కర్లేదు, శాలువాలూ అక్కర్లేదు.

తేదీలు వేసేటప్పుడు చాలామంది పొరబడేది 14వ తేదీ దగ్గరే. ఆ రోజు బాలల దినోత్సవం. బళ్లలో వాళ్ల కార్యక్రమాలు వాళ్లకుంటాయి. ఉదయం పదింటికి ప్రారంభోత్సవం పెట్టి పిల్లల కోసం ఎదురుచూస్తే ఎవరూ రారు. ఆ రోజు సాయంత్రం నాలుగుంబావుకు పెట్టండి. వారం రోజుల్లో ఒక ఆదివారం ఎలాగూ వస్తుంది కనుక పోటీలు ఆ రోజుకు ఉంచండి. గ్రంథాలయ వారపు సెలవు కూడా ఆ ఏడింటిలోనే పడుతుంది. ఆ రోజు తెరుస్తున్నారో లేదో ముందే బోర్డు మీద రాయండి.

నవంబరు మధ్యలో మన దగ్గర చాలాచోట్ల ఐదున్నర ప్రాంతంలో పొద్దు గూకుతుంది. చీకటి పడ్డాక పిల్లల్ని, ముఖ్యంగా ఆడపిల్లల్ని ఉంచడానికి ఇళ్లలో ఒప్పుకోరు. ఏ కార్యక్రమమైనా ఐదుంబావుకు ముగిసేలా చూడండి. ఆ పావుగంటా పుస్తకాలు ఇవ్వడానికి మిగుల్తుంది. వర్షాల సంగతీ మరిచిపోవద్దు. ఈశాన్య రుతుపవనాల కాలం, కోస్తాలో తుపాన్ల నెల ఇది. షామియానా వేసినా సరే, అదే కార్యక్రమం హాల్లో జరపాల్సివస్తే ఎంతమంది పడతారో ముందే లెక్కేసుకోండి. ఇరవై అడుగులకు పదిహేను అడుగుల హాలంటే 300 చదరపు అడుగులు. బీరువాలకు, బల్లలకు వంద పోతే రెండువందలు మిగులుతాయి. కింద కూర్చునే పిల్లవాడికి రెండడుగులకు రెండడుగుల చోటు కావాలి. లెక్కకు యాభైమంది వస్తారు గానీ నడవడానికి దారి వదిలితే నలభై. అందుకే ప్రధానోపాధ్యాయులకు రాసే ఉత్తరంలో "మీ విద్యార్థులను పంపగలరు" అని వదిలేయకుండా "పదిమందికి మించకుండా, ఒక ఉపాధ్యాయుడితో" అని రాయండి. ఈ ఉత్తరాలు అక్టోబరు ఆఖరులోపు చేరాలి.

ప్రారంభ సభ మొత్తం 40 నిమిషాలు. ముగ్గురు అతిథులు, తలా ఐదు నిమిషాలు. ముఖ్య అతిథి ఆలస్యమవడం మామూలే కాబట్టి, జ్యోతి ప్రజ్వలన కోసం పిల్లల్ని కూర్చోబెట్టి ఉంచకండి. పద్యాలతో మొదలుపెట్టేయండి, ఆయన వచ్చాక దీపం వెలిగించవచ్చు.

సాయానికి నలుగురు కావాలి: పేర్లు రాసేందుకు ఒకరు, కూర్చోబెట్టేందుకు ఒకరు, మంచినీళ్లకు ఒకరు, నాలుగో మనిషి ఇష్యూ రిజిస్టరు దగ్గర. ఈ నాలుగో మనిషినే అందరూ మరిచిపోతారు. సభ ముగియగానే పిల్లలు బయటికి వెళ్లే దారిలో ఒక బల్ల వేసి, నలభై పుస్తకాలు అట్టలు కనిపించేలా పరిచి, అక్కడే సభ్యత్వ ఫారాలు పెట్టండి. గ్రంథపాలకుడు వేదిక మీద వందన సమర్పణ చదువుతుంటే బల్ల దగ్గర చేతిలో పుస్తకం పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు రెండు నిమిషాలు చూసి, పెట్టేసి వెళ్లిపోతాడు. వందన సమర్పణ వేరెవరికైనా అప్పజెప్పి మీరు బల్ల దగ్గరుండండి.

ప్రశ్న: మా ఊళ్లో ఏటా వ్యాసరచన, చిత్రలేఖనం పోటీలు పెడతారు. బహుమతులు మాత్రం ఎప్పుడూ ఒకే బడి పిల్లలకు వెళ్తాయి. పక్షపాతం లేకుండా జరిపే పద్ధతి ఏమిటి? (ఒక తల్లి)

జవాబు: పక్షపాతమే కానక్కర్లేదమ్మా. అంశం వారం ముందు ప్రకటిస్తే, బడిలో మాస్టారు రాయించి బట్టీ పట్టించిన వ్యాసాలే గెలుస్తాయి. ఆరు అంశాలు చీటీల మీద రాసి, పోటీ మొదలయ్యేటప్పుడు ఒక పిల్లవాడి చేత మూడు తీయించి బోర్డు మీద రాయాలి. పిల్లలు అందులో తమకు నచ్చినది రాస్తారు. 6 నుంచి 8 తరగతులకు 45 నిమిషాలు, 9, 10 తరగతులకు గంట చాలు. 3 నుంచి 5 తరగతులకు వ్యాసం వద్దు, బొమ్మలే ముద్దు.

పేరు కనిపించకుండా చేయడం తేలికే. కాగితం కుడివైపు పైమూలన పేరు, తరగతి, బడి రాయించి, ఆ మూలను త్రికోణంగా లోపలికి మడిచి జిగురుతో అంటించాలి. మడత మీద ఒక నంబరు వేయాలి. మార్కులన్నీ వేశాకే మడతలు విప్పాలి. స్టేపుల్ కొట్టడం కంటే జిగురు నయం, విప్పి చూస్తే చిరుగు పడి తెలిసిపోతుంది.

పోటీకి పిల్లల్ని పంపిన బడి వాళ్లెవరూ న్యాయనిర్ణేతలుగా ఉండకూడదు. ఇద్దరుండాలి, విడివిడిగా దిద్దాలి. యాభైకి మార్కులనుకుంటే విషయానికి 20, సొంత ఆలోచనకు 15, భాషకు 10, దస్తూరికి 5. దస్తూరికి అంతకు మించి ఇస్తే అందంగా రాసినవాళ్లదే గెలుపు. ఇద్దరి మార్కులకూ పదికి మించి తేడా వస్తే మూడో మనిషి చదవాలి. మార్కుల పట్టిక నోటీసు బోర్డు మీద పెడితే సగం గొణుగుళ్లు అక్కడే ఆగుతాయి.

చిత్రలేఖనానికి 22 అంగుళాలకు 28 అంగుళాల డ్రాయింగ్ చార్టును నాలుగు ముక్కలు చేస్తే 11 బై 14 వస్తుంది. అరవైమందికి పదిహేను చార్టులు, పాడుచేసుకున్నవాళ్ల కోసం మరో రెండు. ప్రతి ముక్క వెనక గ్రంథాలయం ముద్ర ముందే వేసి ఉంచండి, ఇంటి దగ్గర వేసుకొచ్చిన బొమ్మ లోపలికి రాదు. నేలమీద కూర్చుని గీసేవాళ్లకు పరీక్ష అట్టలు తెచ్చుకోమని చెప్పాలి. గచ్చు గరుకుగా ఉంటే రంగు వేసిన చోటల్లా దాని అచ్చు పడుతుంది. గెలిచిన మూడు బొమ్మలే కాకుండా అన్నీ వరండాలో తాడు కట్టి క్లిప్పులతో వేలాడదీయండి. తమ పిల్లవాడి బొమ్మ చూడటానికి వచ్చే అమ్మానాన్నల్లో చాలామందికి గ్రంథాలయం గడప తొక్కడం అదే మొదటిసారి.

ప్రశ్న: ప్రదర్శనకు పాత పుస్తకాలు తీస్తే ముక్క వాసన, అట్టల మీద తెల్లటి బూజు. వానాకాలమంతా బీరువాలోనే ఉన్నాయి. ఎండలో పెట్టవచ్చా?

జవాబు: ఎండలో వద్దు. నిటారు ఎండకు కాగితం పసుపెక్కుతుంది, అట్టలు విల్లులా వంగుతాయి. నీడలో, గాలి ఆడే వరండాలో పుస్తకాన్ని నిలబెట్టి, పేజీలు విసనకర్రలా విచ్చుకునేలా ఉంచండి. ఫ్యాను గాలి పక్కనుంచి తగలాలి గానీ మీద నుంచి కాదు. రెండు మూడు రోజులు పడుతుంది. బూజును ఎండిన తర్వాతే దులపాలి. తడిగా ఉండగా చెయ్యి పెడితే నలిగి కాగితంలోకి ఇంకి మరక పడుతుంది. తడిగుడ్డతో తుడవడం అంతకన్నా తప్పు.

దులపడానికి రెండంగుళాల మెత్తటి పెయింటు బ్రష్ చాలు. ముక్కుకు మాస్కు కట్టుకుని, ఆరుబయట, గాలి మీ వీపు వైపు నుంచి వచ్చేలా నిలబడి, కుట్టు దగ్గర నుంచి పేజీ అంచు వైపు దులపండి. ఉబ్బసం ఉన్నవాళ్లకు, పిల్లలకు ఈ పని చెప్పకండి. బూజు పట్టిన పుస్తకాలు మంచివాటితో కలవకూడదు. ఇంతా చేసి మళ్లీ అదే బీరువాలో పెడితే వచ్చే ఏడాదీ ఇదే కథ. గోడకు ఆనించిన బీరువాను మూడు నాలుగు అంగుళాలు ముందుకు జరపండి. బయటి గోడ చెమ్మే ఎక్కువసార్లు దీనికి మూలం. జరిపినప్పుడు వెనక గోడమీద మట్టిచారలు కనబడితే అది బూజు సమస్య కాదు, చెదలు. వెంటనే పై అధికారికి రాయండి. పచ్చి వేపాకు పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది, ఆ ఆకు తేమే బూజుకు మేత. నాఫ్తలీన్ ఉండలు బూజును ఆపవు, పైగా పసిపిల్లలు నోట్లో పెట్టుకునే ప్రమాదం.

చిరిగిన పేజీలకు సెల్లోటేపు వేయకండి. కొన్నేళ్లకు టేపు ఊడిపోయి, బంక మాత్రం గోధుమరంగు చారగా మిగులుతుంది. ఒక వంతు మైదా, ఐదు వంతుల నీళ్లు ఉండలు లేకుండా కలిపి, సన్నసెగ మీద పారదర్శకంగా అయ్యేదాకా తిప్పి చల్లార్చిన జిగురుతో పల్చటి కాగితం ముక్క అంటించండి. ఆ జిగురు ఏ రోజుది ఆ రోజే. మిగిలింది పారేయండి, పులిస్తే పురుగును పిలుస్తుంది.

ఇక ప్రదర్శన. ఆరడుగుల బల్ల మీద అట్టలు కనిపించేలా పరిస్తే పాతిక పుస్తకాలకు మించి పట్టవు. నాలుగు బల్లలు, వంద పుస్తకాలు. మరో ముప్ఫై పక్కన ఉంచుకోండి, అక్కడికక్కడే తీసుకెళ్లినవాటి ఖాళీల్లో పెట్టడానికి. "సాహిత్యం", "చరిత్ర" అని అట్టముక్కలు పెడితే ఎవరూ ఆగరు. "వంద పేజీల లోపు", "మన జిల్లా గురించి", "అమ్మమ్మకు చదివి వినిపించేవి" అని పెట్టి చూడండి. "ముట్టుకోరాదు" అన్న బోర్డు మాత్రం పుస్తకాల సభలో పెద్ద వింత. ముట్టుకుంటే పొడి రాలే పాత పుస్తకం ఉంటే అద్దాల బీరువాలో పెట్టండి, లేదా బయటికే తీయకండి. బల్ల బల్లకూ పుస్తకాల పరిగ్రహణ సంఖ్యల (ప్రతి పుస్తకానికీ గ్రంథాలయం వేసే సొంత నంబరు) జాబితా రాసి ఉంచుకుని, సాయంత్రం తాళం వేసే ముందు సరిచూసుకోండి. ఏడో రోజు ఒక్కసారే లెక్కపెడితే ఏది ఎప్పుడు పోయిందో చెప్పలేరు.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. వారోత్సవాల్లో చిన్నపిల్లలకు కథలు చదివి వినిపించమన్నారు. ఎంతసేపు, ఎలా?

జవాబు: నాలుగు నుంచి ఏడేళ్లవాళ్లకు ఇరవై నిమిషాలు, అంతే. ఎనిమిది నుంచి పదకొండేళ్లవాళ్లను వేరేగా కూర్చోబెట్టండి, వాళ్లు అరగంట వింటారు. చిన్నవాళ్లకు ఎనిమిది నిమిషాల కథ, చేతులు కదిపే పాట, ఇంకో పొట్టి కథ సరిపోతాయి. బొమ్మలు కనబడాలంటే పదిహేనుమందికి మించకూడదు, ఆఖరు పిల్లవాడు ఆరేడు అడుగుల లోపే ఉండాలి. అర్ధచంద్రాకారంగా కూర్చోబెట్టండి.

మీరు కూర్చునే చోటు చూసుకోండి. మీ వెనక కిటికీ ఉంటే పిల్లలకు మీ మొహం, పుస్తకం రెండూ నల్లగా కనిపిస్తాయి, రెండు నిమిషాల్లో కదలడం మొదలుపెడతారు. వెలుతురు మీ మీద పడేలా, పిల్లల వెనక కిటికీ ఉండేలా తిరగండి. పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకోకుండా భుజం పక్కన, పిల్లల కళ్ల ఎత్తులో పట్టుకుని, ఓరగా చూస్తూ చదవాలి. అందుకే కథ ముందు మూడుసార్లు చదువుకుని రావాలి. మైకు వద్దు, గొంతు తగ్గించి చెప్పే చోట వాళ్లు ముందుకు వంగడం మైకుతో కుదరదు.

కథ అయ్యాక "నీతి ఏమిటి?" అని అడక్కండి. టీచర్లకు నాలుక చివర ఉండే ప్రశ్నే అది! అడిగారంటే అది పాఠమైపోతుంది. పుస్తకం వాళ్ల చేతికిచ్చి ఐదు నిమిషాలు వదిలేయండి.

ప్రశ్న: పోటీ పరీక్షలకు రోజూ ఇక్కడే చదువుకుంటాం. వారోత్సవాల వారం మాకు కూర్చునే చోటుండదు, మైకుల గోల. మా గురించి ఎవరూ ఆలోచించరా? (కొందరు ఉద్యోగార్థులు)

జవాబు: మీ మాట సబబే. ఏడాది పొడవునా రీడింగ్ రూమును నింపేది మీరే, వారోత్సవాల్లో బయటికి పంపేదీ మిమ్మల్నే. గ్రంథపాలకులు మూడు పనులు చేయవచ్చు. కార్యక్రమాలన్నీ సాయంత్రానికి కట్టేసి ఉదయం వేళను పూర్తిగా చదువుకునేవాళ్లకు వదలాలి. ఏ రోజు ఏ గంటల్లో హాలు ఉండదో వారం ముందే గేటుకు కట్టాలి. ఒక ఉదయం మీ కోసమే వాడాలి: జవాబు గడులు దిద్దే ఓఎంఆర్ పత్రంతో నమూనా పరీక్ష. వంద ప్రశ్నలు, నిర్ణీత సమయం, జవాబులు అక్కడే. చాలామంది పోగొట్టుకునే మార్కులు తెలియక పోయేవి కాదు. ఒక ప్రశ్న వదిలేసి తర్వాతి జవాబును దాని గడిలో దిద్దడం వల్ల వరసంతా తప్పిపోతుంది. పది ప్రశ్నలకోసారి నంబరు సరిచూసుకునే అలవాటు ఆ గంటలోనే పట్టుబడుతుంది.

మొదటి జవాబులో కావాలన్న ఆ నలుగురు సహాయకులు ఎవరన్న ప్రశ్నకూ ఇక్కడే జవాబుంది. రోజూ వచ్చే మీకు ఏ పుస్తకం ఎక్కడుందో కొత్త వాలంటీర్ల కన్నా బాగా తెలుసు.

ప్రశ్న: ముగింపు రోజు పిల్లలకు సినిమా వేయవచ్చా? మైకు పెట్టడానికి అనుమతి కావాలా?

జవాబు: డీవీడీ కొన్నా, ఓటీటీ చందా కట్టినా అది ఇంట్లో చూడటానికే. నలుగురిని పిలిచి వేయాలంటే హక్కుదారు అనుమతి ఉండాలి. దానికన్నా పద్యపఠనం, నాటిక తేలిక. అచ్చయిన రచనలోంచి సముచితమైన భాగాన్ని బహిరంగంగా చదవడానికి 1957 నాటి కాపీరైటు చట్టం అడ్డు చెప్పదు. రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్లకు హక్కు ముగుస్తుంది. 1915లో పోయిన గురజాడవీ, 1919లో పోయిన కందుకూరివీ మొత్తంగా చదివినా, ఆడినా ఇబ్బంది లేదు. టికెట్టు పెట్టకుండా ఔత్సాహికులు వేసే నాటికకూ చట్టంలో వెసులుబాటు ఉంది.

ఆరుబయట లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి తీసుకోవాలి, పోలీసు స్టేషనులో అడగండి. ఆసుపత్రికి, బడికి, కోర్టుకు వంద మీటర్ల లోపు చోటు నిశ్శబ్ద మండలం కిందికి రావచ్చు. చిన్న ఊళ్లలో గ్రంథాలయం పక్కనే బడి ఉండటం కద్దు కాబట్టి ముందే చూసుకోండి. నలభైమంది హాల్లో మైకెందుకన్నది వేరే సంగతి.

ప్రశ్న: ఎవరి పటాలు పెట్టాలి? ఏటా ఒకటి రెండు ఫొటోలకు దండలు వేసి ఊరుకుంటున్నాం.

జవాబు: పటం కింద రెండు వాక్యాలు లేకపోతే పిల్లలకు అందరూ ఒకేలా కనిపిస్తారు. ఎస్.ఆర్. రంగనాథన్ (పుట్టింది 1892 ఆగస్టులో) గ్రంథాలయ శాస్త్రానికి పంచసూత్రాలు 1931లో ఇచ్చారు. అయ్యంకి వెంకట రమణయ్య 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టుకకు కారకుడు. గాడిచర్ల హరిసర్వోత్తమరావు గ్రంథాలయోద్యమాన్ని వయోజన విద్యతో ముడిపెట్టారు. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం 1901లో మొదలైంది. వట్టికోట ఆళ్వారుస్వామి తెలంగాణలో పుస్తకాలను ఊరూరా మోసుకెళ్లి అమ్మారు. పాతూరి నాగభూషణం గుంటూరు ప్రాంతంలో కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పడవ బొమ్మ గీయమంటే పిల్లలకు ఆ పేరు మరిచిపోవడం కష్టం. మీ ఊరి గ్రంథాలయానికి జాగా ఇచ్చిన మనిషి పేరు శిలాఫలకం మీద ఉంటే, ఆ పటం కూడా వీళ్ల పక్కన పెట్టండి.

ప్రశ్న: వీటన్నిటికీ డబ్బు ఎక్కడిది? ప్రతిసారీ దుకాణాల్లో చందాలు అడగాల్సిందేనా?

జవాబు: మీరు ఇప్పటికే కడుతున్నారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. వెయ్యి రూపాయల పన్ను మీద 80 రూపాయలన్నమాట. పంచాయతీగానీ మున్సిపాలిటీగానీ దాన్ని జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. వసూలైనది అక్కడిదాకా చేరకపోవడమే అసలు గొడవ. మీ పన్ను రసీదులో ఆ పద్దు ఉందో లేదో చూడండి. ఎంత వసూలైంది, ఎంత జమ చేశారు అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. చందాలు తీసుకుంటే నగదు బదులు వస్తువు అడగండి: చార్టులు ఒకరు, బహుమతి పుస్తకాలు ఒకరు. లెక్క చెప్పడం తేలిక.

ప్రశ్న: ఇంట్లో పాత పుస్తకాలున్నాయి. వారోత్సవాల్లో ఇస్తే తీసుకుంటారా?

జవాబు: కథలు, నవలలు, పిల్లల పుస్తకాలు, జీవిత చరిత్రలు, నిఘంటువులు తీసుకుంటారు. సిలబస్ మారిన పాఠ్యపుస్తకాలు, ఐదేళ్ల కిందటి కరెంట్ అఫైర్స్ వద్దు. ముందు జాబితా పంపి, ఆ తర్వాత సంచీ పట్టుకెళ్లండి.

ప్రశ్న: బహుమతిగా మెమెంటోలా, పుస్తకాలా?

జవాబు: పుస్తకాలే, కానీ చేతికి అందింది కట్ట కట్టి ఇవ్వకండి. ఐదో తరగతి పిల్లకు భారీ వ్యాససంపుటి ఇస్తే అది షోకేసులోకి పోతుంది. ఎన్ని బహుమతులో అంతకు రెట్టింపు పుస్తకాలు వేదిక పక్కన బల్ల మీద పెట్టి, గెలిచినవాళ్ల చేత ఏరుకోనివ్వండి. మొదటి బహుమతి వచ్చినవాళ్లు ముందు ఏరుకుంటారు, అంతే తేడా. లోపలి పేజీలో పేరు, పోటీ, తేదీ పెన్నుతో రాసివ్వాలి. ఏరుకున్నాక రాయాలి కాబట్టి దస్తూరి బాగున్న ఒకరిని బల్ల దగ్గర కూర్చోబెట్టండి. పాల్గొన్న మిగతావాళ్లకు ప్రశంసాపత్రంతో పాటు సభ్యత్వ ఫారం ఇచ్చి, తల్లిదండ్రుల సంతకంతో 21న తెమ్మనండి. ఆ రోజు మీరు సెలవు పెట్టకండి.